టిక్కులు మరిచిన ఫోను

కొత్తగా యాప్‌లు చేయడం నేర్చుకున్న ఆ రోజుల్లో, లోకంలో ప్రతి కష్టానికీ ఒక యాప్ లేకపోవడమే కారణమని నాకు గట్టి నమ్మకం. చోడవరంలో మా ఇంట్లో అక్క పెళ్ళి కుదిరింది. బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్ళన్నీ అమ్మకు కంఠతా వచ్చు (మా ఇంట్లో ఎవరూ ఆమెను అడగకుండా ఏదీ చేయరు). అయినా నేను ఆ ఇళ్ళన్నీ వరసగా కనిపించేలా ఒక యాప్ చేసి, పిలిచిన ఇంటి పక్కన టిక్కు పెట్టుకోమని ఆమె ఫోన్‌లో ఎక్కించాను. “పెళ్ళి పనులన్నీ ఈడే చేసేస్తన్నాడు” అని అమ్మ వీధంతా చెప్పింది. నేను పొంగిపోయాను.

మొదటిరోజు ఆటోలో దారి పొడవునా బంధువులను పిలుచుకుంటూ, చివరికి బుచ్చయ్యపేటలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. పెద్దమ్మంటే అమ్మకు తోడికోడలు. చెరకు తోట గట్టు మీద వచ్చిన మాట పట్టింపుతో ఇద్దరికీ చాలాకాలంగా మాటల్లేవు. కానీ అక్కను చిన్నప్పుడు చంక దించకుండా పెంచింది ఆవిడే. అమ్మ బొట్టు పెట్టింది. పెద్దమ్మ పెట్టించుకుంది, వస్తానని మాత్రం అనలేదు. అమ్మ బయటికొచ్చి టిక్కు పెట్టి, ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చాక నాన్నకు నా గొప్ప చూపిద్దామని అమ్మ ఫోన్ అడ్డంగా తిప్పాను. టిక్కులన్నీ మాయం. (ఫోన్ తిప్పితే తెర మొదటినుంచి కొత్తగా తయారవుతుందని, పాత టిక్కులను మనమే దాచి మళ్ళీ అందించాలని నాకప్పటికి తెలియదు. తెలిసినట్టు మాట్లాడటం మాత్రం బాగా వచ్చు.)

మర్నాడు పొద్దున్నే అమ్మ కుంకుమ భరిణె తీసింది. “బుచ్చియ్యపేట ఎల్దాం పద.”

“నిన్న ఎల్లేం కదమ్మా.”

“నీ యాప్‌లో టిక్కు నేదు కదరా. పిలవనట్టే లెక్క.”

తప్పు నాది కాబట్టి ఆటో ఎక్కాను.

పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. “నిన్నే కదా వచ్చేవు. మళ్ళీ ఏటి?”

“ఈడి యాప్ మర్చిపోయిందట అక్కా” అంది అమ్మ.

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఇంత సదువు సదివి, ఎట్టిన బొట్టు గుర్తెట్టుకోనేని యాప్ చేసేవేట్రా?”

అమ్మకు నవ్వొచ్చింది. అది చూసి పెద్దమ్మకూ వచ్చింది. కాసేపటికి ఇద్దరూ నన్ను తిడుతూ టీ తాగుతున్నారు. పెద్దమ్మ అందరికంటే ముందే పెళ్ళికొచ్చి, అక్కకు తనే నలుగు పెట్టింది.

ఆ వారమే తప్పు సరిదిద్ది, ఫోన్ ఎటు తిప్పినా టిక్కులు చెదరకుండా చేశాను. చూపిస్తే అమ్మ “మంచిదేలే” అంది, అటు చూడకుండానే. ఆ రోజు మిగతా ఇళ్ళ టిక్కులు కూడా పోయాయి కదా, వాటిలో ఒక్క ఇంటికైనా అమ్మ మళ్ళీ వెళ్ళలేదని నాకు తట్టడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అంత తెలివైన కుర్రాణ్ణి నేను.