జూబ్లీ హిల్స్ లాయరు అడిగిన ప్రశ్న

సాఫ్ట్‌వేర్ సంబంధాల కోసం అందరూ ఎగబడే రోజులవి. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పే మా చెల్లెలు సుజాతకు, అమెరికాలో ఉన్న భర్త అక్కడి కోర్టు నుంచి విడాకుల కాగితాలు పంపించాడు. తనకు విడాకులు ఇష్టం లేదు.

"లాయరుకి చూపిద్దామా అన్నయ్యా?" అంది.

"ఈమాత్రం ఇంగ్లిష్ నాకు రాదా? కాగితాలు అందినట్టు రసీదు, అంతే" అని నేనే సంతకం పెట్టించి పంపాను.

కొన్ని నెలలకు విడాకుల తీర్పు వచ్చింది. అప్పుడు జూబ్లీ హిల్స్‌లో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఆ కాగితం చదివి తలపట్టుకుంది.

"ఆ కోర్టు విచారణకు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టావమ్మా. ఇది లేకపోతే ఆ తీర్పు ఇక్కడ చెల్లదని వాదించేదాన్ని. ఎవరు పెట్టమన్నారు?"



"నేనే తొందరపడ్డానండీ" అంది సుజాత, నావైపు చూడకుండా.

"పక్కన చదువుకున్న అన్నయ్య ఉన్నాడు కదా, ఆయన్నైనా అడగాల్సింది."

నేను అవునన్నట్టు తల ఊపాను.

సుజాత మొన్న వేసవిలో పోయింది. సంతాప సభలో అందరూ తన గొంతు గురించే చెప్పారు. నన్ను మాట్లాడమంటే లేవలేకపోయాను. లాయరమ్మకు ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. పెట్టమన్నది నేనే.