మైటాకే పథ్యం

2023 వర్షాకాలం. చోడవరంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. ఈ పని ఎలా ఉంటుందో తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ఎండుగడ్డిని ముక్కలు చేసి, నానబెట్టి, ఉడికించి, ఆరాక పాలిథిన్ సంచుల్లో పొరలు పొరలుగా నింపుతాం. పొరల మధ్య స్పాన్ చల్లుతాం. స్పాన్ అంటే జొన్న గింజల మీద పెంచిన పుట్టగొడుగు విత్తనం. సంచుల్ని చీకట్లో వేలాడదీస్తే గడ్డి అంతా తెల్లటి దారాలు అల్లుకుంటాయి. తర్వాత గాలీ వెలుతురూ తగలనిచ్చి, చుట్టూ గోనెపట్టాలు తడిపి ఉంచితే సంచి రంధ్రాల్లోంచి గుండుసూది తలల్లాంటి మొలకలు వస్తాయి. వాటిని పిన్‌హెడ్స్ అంటారు. అవి కనిపించిన రోజు నాకు ఇప్పటికీ అన్నం మీద ధ్యాస ఉండదు.

నేను ఇంటర్ మధ్యలో మానేశాను. ఈ విద్యంతా నాకు మా ఊరి లైబ్రరీ పెట్టిన భిక్ష. తెలుగులో ఉన్న వ్యవసాయ పుస్తకాలు అయిపోయాక, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు సైన్సు పుస్తకాలు పట్టాను. మొదట్లో ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. అందుకే పుట్టగొడుగుల గురించి ఎవరైనా ప్రశ్న అడిగితే, జవాబు చెప్పేదాకా నాకు నిలకడ ఉండదు.

గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే ట్రాక్టర్ డ్రైవరు నూకరాజు బాబాయ్ నా దగ్గర ఎప్పుడూ కొనే మనిషి. చుట్టరికం ఏమీ లేదు, వరసలు మేం కలుపుకున్నవే. మా గుమ్మం ముందు బండి ఆపి, "పాపా, నీ గొడుగులు ఇప్పేయా, వాన లేదని ముడిసేసుకున్నాయా?" అని కేకేసేవాడు. ఆ ఏడాది ఆయనకి పెద్దపేగులో కేన్సర్ అని, అప్పటికే కాలేయానికీ పాకిందని తేలింది. విశాఖలో కీమోథెరపీ మొదలైంది. కీమో అంటే సెలైన్లో మందు ఎక్కించడం. కొన్ని వారాలకోసారి వెళ్లాలి.

ఒకరోజు ఆయన భార్య వరహాలమ్మ పిన్ని ఒక పేకెట్టు పట్టుకుని వచ్చింది. బాబాయ్ ఆటోలోనే కూర్చున్నాడు.

"ఇది ఏటో సూసి సెప్పమ్మా. మా అన్న కొడుకు బెంగుళూరు నుంచి పంపేడు. మైటాకో ఏటో అంట. కేన్సరుకి దీన్ని మించింది లేదని ఫోన్లో ఎవులో సెప్పేరంట."

పేకెట్టులో ఎండిన పుట్టగొడుగులు. గోధుమరంగు, అంచులు కోడి ఈకల్లా ముడుచుకుని ఉన్నాయి. చలిదేశాల్లో పెద్ద చెట్ల మొదళ్లలో పెరిగే ఈ మైటాకే గురించి చదివానేగాని, చేత్తో పట్టుకోవడం అదే మొదలు. చదివి చెబుతానని పంపేశాను.

రెండు సాయంత్రాలు లైబ్రరీలో కూర్చున్నాను. మైటాకేలో బీటా గ్లూకాన్ అనే పదార్థం ఉంది. అది ఒక రకం పీచు. ప్రయోగశాలలో, ఎలుకల్లో, అది రోగాన్ని ఎదిరించే కణాలను చురుకు చేస్తున్నట్టు కనిపించింది. చక్కెర, కొవ్వు కొంత తగ్గించవచ్చనీ ఉంది. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, తక్కువ. కేన్సర్‌ని నయం చేస్తుందన్న రుజువు మాత్రం ఎక్కడా లేదు. సుగర్ మాత్రలు, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా తీసుకోకూడదు. ఇదంతా పిన్నికి వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఇంతకీ పనిసేస్తాదా, సెయ్యదా?" అంది.

"కూరగా మంచిదే పిన్నీ. మందని ఇంకా రుజువు కాలేదు. ట్రీట్‌మెంటు మాత్రం ఆపొద్దు. ఈ పేకెట్టు డాక్టరు గారికి చూపించు."

బాబాయ్ ఆటోలోంచి తల బయటపెట్టాడు. "ఇన్నావేటే? మందు కాదంట, కూరంట. కూరైతే నూనె, కారం దండిగా ఎయ్యి మరి!"

నేను నవ్వాను. పిన్ని నవ్వలేదు.

ఆవిడ నేను చెప్పినట్టే డాక్టరుకి చూపించింది. కొద్దికొద్దిగా తినొచ్చు, చికిత్స మానొద్దు, బలమైన తిండి పెట్టండి అన్నాడట. నేను చెప్పిందే ఆయనా చెప్పాడని విని, పరీక్ష పాసైనంత సంతోషపడ్డాను.

తర్వాత వాళ్లు మా వైపు రాలేదు. కొన్నాళ్లకి వాళ్ల వీధిలో ఉండే ఒకావిడ చెప్పింది: బాబాయ్ బరువు బాగా తగ్గిపోయాడని, కౌంట్లు, అంటే రక్తకణాల లెక్క, పడిపోయి ఈసారి కీమో వాయిదా వేశారని. ఆ పూట కోసిన పుట్టగొడుగులు తీసుకుని వెళ్లాను.

బాబాయ్ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. కంచంలో మెత్తగా ఉడికిన అన్నం, పోపు లేని పెసరకట్టు, పక్కన ఉడకబెట్టిన మైటాకే ముక్కలు. ఉప్పు కూడా వేసినట్టు లేదు. నా చేతిలో సంచి చూసి పిన్ని వారించింది.

"వద్దమ్మా. అది తింటన్నప్పుడు ఇంకోటి కలవకూడదు."

"ఎవరన్నారు?"

"ఒకలు సెప్పాలేటి? మందన్నాక పథ్యం ఉండదా?"

అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. చింతపండు లేదు, వంకాయ లేదు. నూనె, కారం లేవు. చేప, కోడి, గుడ్డు ఏవీ లేవు. పెళ్లయిన కొత్తలో బాబాయ్‌కి పచ్చకామెర్లు వస్తే ఆకుమందు వేయించి, ఇలాగే పథ్యం పెట్టి నిలబెట్టుకుందట. ఇది అంతకంటే పెద్ద రోగం, ఎంతో దూరం నుంచి వచ్చిన మందు. కాబట్టి పథ్యం ఇంకా గట్టిగా ఉండాలి. ఆయన్నొక్కణ్ణే చప్పిడి తినమనడానికి మనసొప్పక ఆవిడా అదే తింటోంది.

"డాక్టరు గారు గుడ్లు, చేపలు పెట్టమన్లేదా పిన్నీ?"

"అన్నారు. పథ్యం అయ్యాక పెడతాను."

"దీనికి పథ్యం లేదు. నేను చదివినదాంట్లో ఎక్కడా లేదు."

"ఆ పుస్తకాలు రాసినోళ్లకి పథ్యం ఏటో తెలుస్తాదేటి?" అంది.

నిజమే, ఆ పుస్తకాల్లో ఆ మాటే లేదు. వాళ్ల దేశాల్లో ఒకటి తింటే మరొకటి మానాలన్న ఆలోచన లేదు గనక, మానకండి అని రాయాలని ఎవరికీ తోచలేదు. తోచవలసింది నాకు. మా అమ్మ ఆకుమందుకి పథ్యం పెట్టడం చూస్తూ పెరిగినదాన్ని.

బాబాయ్ ముద్ద చేతిలో పట్టుకుని నవ్వాడు. "పక్కింట్లో నెత్తళ్ల సేపలు ఏగుతన్నాయి పాపా. ఆ వాసన మీద ఇది తినేస్తన్నాను. వాసనకి పథ్యం లేదు కదేటే?"

"నోరు మూసుకు తిను," అంది పిన్ని, కళ్లు తుడుచుకుంటూ.

నేను చాలాసేపు వాదించాను. ఆవిడ కరగలేదు. సగంలో వదిలేస్తే మందు తిరగబడుతుందని ఆవిడ భయం. పేకెట్టులో ఇక కొంచెమే మిగిలింది, అది అయిపోగానే అన్నీ పెడతానంది. కొన్నాళ్లేగా అని నేనూ లేచి వచ్చేశాను.

ఆ కొన్నాళ్లలోనే వాయిదా పడ్డ కీమో ఎక్కించారు. అది అంతకు ముందువాటిలా పోలేదు. నోరు పూసింది, రుచి పోయింది. పేకెట్టు అయిపోయిన రోజున పిన్ని వంకాయా ఎండు నెత్తళ్లూ వండి నన్ను కూడా పిలిచింది. బాబాయ్ ఒక ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఎలగుంది?" అంది పిన్ని.

"బాగుందే," అన్నాడు. రెండో ముద్ద ఎత్తలేకపోయాడు. ఆవిడ లోపలికి వెళ్లాక నా వైపు తిరిగి, "ఇనప మేకు సప్పరించినట్టుంది పాపా. దానికి సెప్పకు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన బరువు మళ్లీ పెరగలేదు. ఆ ఒంటికి ఇక కీమో తట్టుకునే శక్తి లేదని ఆపేశారు. చెరకు సీజను మొదలయ్యేసరికి బాబాయ్ లేడు.

కొన్ని నెలల తర్వాత పిన్ని మా షెడ్డుకి వచ్చింది. నేను సంచులకి నీళ్లు చిలకరిస్తున్నాను. ఆవిడ పక్కనే నిలబడి, "పథ్యం పెట్టకపోతే ఏటయ్యుండేదమ్మా?" అంది.

ఇలాంటి ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ జవాబు తయారుగా ఉంటుంది. చెప్పాను. రోగం అప్పటికే కాలేయానికి పాకిందని డాక్టరు అన్నాడు కదా, తిన్నా బతికేవాడని ఎవరూ చెప్పలేరు, ఆ మైటాకే వల్ల చెడు జరిగిందనీ కాదు అన్నాను. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"బతకడం సంగతి కాదమ్మా నేనడిగేది," అంది ఆవిడ. "తినేవోడు కదా. రుచి తెలిసిన రోజుల్లో తినేవోడు కదా."

నేను స్ప్రేయరు కింద పెట్టి, ఆవిడ కూర్చోడానికి పీట వేశాను.

పుట్టగొడుగులు ఆరోగ్యానికి మంచివని ఈమధ్య చాలామంది వస్తున్నారు. కొందరు ఫోన్లో మైటాకే బొమ్మ చూపించి, ఇది మీ దగ్గర పండుతుందా అని అడుగుతారు. మన ఎండలకి పండదని చెబుతాను. బీటా గ్లూకాన్ గురించి అడిగితే అదీ చెబుతాను, ఆ సరదా నాకు పోలేదు. కానీ ఎవరికో ఒంట్లో బాగోలేక వచ్చారని తెలిస్తే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను.

"వాళ్లకి ఇంట్లో ఏవేవి మాన్పించారు?"

ఏమీ లేదండీ అని వెంటనే అనేస్తారు. నేను పుట్టగొడుగులు తూస్తూ, గుడ్డు పెడుతున్నారా, చేప పెడుతున్నారా అని అడుగుతాను. అప్పుడు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెడతారు.