సీలు విప్పని పెట్టె

కంచరపాలెంలో మా పక్కవాటా నీలకంఠం గారు పోర్టులో ముప్ఫయ్యేళ్లు బియ్యం బస్తాలు పరీక్షించారు. మొన ఉన్న ఇనుప గొట్టాన్ని బస్తా కడుపులో గుచ్చి, లోపలి గింజను అరచేతిలో పోసుకుని చూసేవారు. పైన మంచి బియ్యం, అడుగున నూక పోసే వ్యాపారులకు ఆయనంటే హడలు. చూసి ఒప్పుకున్న సరుకు మీద మళ్లీ మాట ఉండకూడదన్నది ఆయన నియమం. ఇంట్లో కొబ్బరికాయను కూడా రెండు చెవుల దగ్గరా ఊపి చూస్తారు.

2001లో ఆయన కూతురు ఇంద్రజ డీటీపీ నేర్చుకుంది. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కొడతానంది. "అక్షరం తేటగా కనపడాల నాన్నా, రోజంతా దాన్నే సూడాల" అని ఒక్కటే కోరింది.

ద్వారకా నగర్ షోరూములో మూడు కంపెనీల కంప్యూటర్లు వరసగా పెట్టారు. నడుమ ఉన్నదాని మీద దీపాలు, తెర మీద ఈదుతున్న రంగు చేపలు. పక్కవాటి మీద మాత్రం "పండగ ఆఫర్, నేడే కొనండి" అన్న కదలని అక్షరాలు, అవీ వెలవెలబోతూ. నీలకంఠం గారు ఒకదాని కింద ఉన్న మీట తిప్పారు. తెర భగ్గున వెలిగింది.

"ఏటి బాబూ, దీని ఎలుగు తగ్గించి ఎట్టినారేటి?"

సేల్స్‌మన్ సాయిశంకర్ నవ్వేశాడు. "ఎవలో పిల్లలు తిప్పేసుంటారు బాబాయ్. మజ్జిలోది తీసుకోండి, అందరూ అదే తీసుకుంతన్నారు."

"అందుకే నాకొద్దు. నాకిదే కట్టు."

సాయిశంకర్ లోపలినుంచి అదే కంపెనీది, సీలున్న పెట్టె తెప్పించాడు.

"ఇందల ఏటుందో నానెలా నమ్మీది? నాను సూసింది ఇదీ."

"అది జనానికి సూపించీది బాబాయ్. కొత్తది ఇత్తన్నాను కదా!"

ఇంద్రజ తండ్రి చొక్కా లాగింది. ఆయన ఆమె చెవిలో అన్నారు: "ఆడు వద్దంతన్నాడంటే సరుకు ఇందలే ఉంది."

షోరూములో చూసినదాన్నే కట్టించుకుని ఇంటికొచ్చి తెల్ల పేజీ తెరిస్తే, ఇంద్రజ కొట్టిన అక్షరాల వెనక బూడిదరంగులో "నేడే కొనండి" కనబడింది. ఆర్పి వెలిగించినా పోలేదు.

మర్నాడు ఆయన షోరూముకు వెళ్లారు.

"ఒకే బొమ్మ ఏడాది ఎడితే తెరకి అచ్చు పడిపోద్ది బాబాయ్. కొత్తది తీసుకోమన్నాను. మీరే సూసి కట్టించుకున్నారు."

తన నియమమే ఎదురొచ్చింది. వెనక్కి వచ్చేశారు. కానీ వాడు వద్దన్నది మంచికా, తన చేత పట్టుబట్టించడానికా అన్నది ఇప్పటికీ తేలలేదాయనకు.

ఇంద్రజ పేజీ రంగు బూడిదగా మార్చుకుంది. మచ్చ అందులో కలిసిపోయింది.

"పైన మంచి గింజ పోసినావంతే" అన్నారాయన.

"కాయితమ్మీదకి రాదు కదా నాన్నా."

మొదటి రిపోర్టు ప్రింటు రాగానే ఆయన ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, ముందూ వెనకా తిప్పి చూశారు. తర్వాత కట్టలోంచి, నడుమ ఉన్న ఇంకో కాగితం లాగారు.