ఏరి పారేసిన మొక్కలు

కవరు కోసి వేళ్ళు చూడకుండా మొక్క ఎంచుకునేవాళ్ళంటే నాకు రోత. కొనేవాళ్ళని అసహ్యించుకుంటే నర్సరీ ఎలా నడుస్తుందని మా ఆయన అంటూ ఉంటారు. నడుస్తూనే ఉంది. రోత మాత్రం పోలేదు.

మా నర్సరీ రేపల్లె దారిలో, కాలవ పక్కన. నేను బాపట్లలో వ్యవసాయం చదివాను. ఆయన చదివింది కామర్సు, పెళ్ళయ్యాకే మట్టిలోకి దిగారు. ఇంటి ముందు పెట్టుకునే గులాబీలు, మందారాలు ఆయన చూస్తారు. రోడ్ల పక్కన నాటే కానుగ, పొగడ, నేరేడు నావి.

ఊళ్ళో చెట్టు బతుకు పొలం గట్టు మీద చెట్టు బతుకులా ఉండదు. ఒక పక్క సిమెంటు, ఒక పక్క మురిక్కాలవ, నెత్తిన కరెంటు తీగ. అందుకని దాన్ని చిన్నప్పుడే గట్టిగా పెంచాలి. వేరు కవరు అడుక్కి తగలగానే పెద్ద కవర్లోకి మార్చాలి. ఆలస్యమైతే దారి దొరక్క అందులోనే గుండ్రంగా తిరుగుతుంది, జంతిక చుట్టలాగా. పైన ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి. తర్వాత భూమిలో పెట్టినా వేరు ఆ తిరుగుడు మానదు. లావెక్కే కొద్దీ తన మొదలుని తనే బిగిస్తుంది. అలాంటివాటిని, ఊతం కర్ర తీస్తే నిలబడలేని వాటిని ఏరి షెడ్డు వెనక పడేయిస్తాను. ఆనక నరికి ఎరువు గుంతలో వేయిస్తాను.

ఓసారి తెనాలి నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. అక్కడ ఊరి చివర కొత్తగా వేస్తున్న ఇళ్ళ వెంచర్లో రోడ్ల పక్కన చెట్లు నాటే పని అతనిది. నా పొగడ మొక్కల వరస ముందు నిలబడి పెదవి విరిచాడు.

"ఏంటమ్మా, నా నడుం దాకా కూడా లేవు. ఓపెనింగుకి పెద్దవాళ్ళొస్తారు. చెట్టు చెట్టులా కనపడొద్దా?"

"మొదలు ఎంత లావుందో చూడండి. ఊతం లేకుండా నిలబడ్డాయి" అని ఒక కవరు కోసి చూపించాను. తెల్లటి పీచువేళ్ళు అన్ని వైపులకీ పరుచుకుని మట్టిని పట్టుకుని ఉన్నాయి.

అతను వాటి వంక చూడనే లేదు. "వేళ్ళెవరు చూస్తారమ్మా, మట్టిలో పోయేవేగా" అని పక్కకి తిరిగి ఉమ్మాడు. కిళ్ళీ ఎరుపు వెళ్ళి అప్పుడే మొలకెత్తిన నా కానుగ నారు మీద పడింది.

అతని కళ్ళు షెడ్డు వెనక్కి పోయాయి. అక్కడ నేను ఏరి పారేసిన కానుగలు, మనిషి కంటే ఎత్తున, పచ్చగా ఉన్నాయి.

"అవి ఇవ్వండి, సరిపోతాయి."

"అవి అమ్మేవి కావండి."

"పారేసేవే కదా?"

"పారేసేవి కాబట్టే ఇవ్వను."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయన గులాబీల దగ్గర నిలబడి అంతా విన్నారు.

ఆ తర్వాత కానుగ విత్తనం కోసం బాపట్ల వెళ్ళాను. తిరిగొచ్చేసరికి షెడ్డు వెనక ఖాళీగా, శుభ్రంగా ఊడ్చి ఉంది. "గుంతలో వేయించేశాను" అన్నారాయన. చెప్పకుండానే నా పని చేసిపెట్టారని సంతోషించాను కూడా.

టీచరుగా రిటైరైన మా పిన్ని ఆ వెంచర్లోనే ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వెళ్తే రోడ్డుకి రెండు వైపులా కానుగలు, పొడుగ్గా. "నీ చెట్లేనటే?" అని అడిగింది పిన్ని. "కాదు" అన్నాను గట్టిగా.

అవి నాటాక రెండో వానాకాలంలో వాయుగుండం పట్టింది. పొద్దున్నే పిన్ని ఫోను. "మా ఇంటి ముందు చెట్టు గేటు మీద పడిందే. పాలావిడ పాలు పోసి అప్పుడే అటు తిరిగింది. తల్లీ, కాస్తలో తప్పింది."

వెళ్ళి చూశాను. చెట్టు వేళ్ళతో సహా లేచి పడుంది. వేళ్ళు కాదు, బకెట్టు ఆకారంలో ఒక ముద్ద. దాని చుట్టూ నల్ల కవరు అలాగే ఉంది. కవరు కూడా తీయకుండా పాతిపెట్టారు! చీల్చితే లోపల నిలవ నీళ్ళు, కుళ్ళు కంపు, తెల్లటి పురుగులు. పిన్ని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ మట్టిని చేత్తో చిదిమాను. ఊక బూడిద. పొన్నూరు మిల్లుల నుంచి తెప్పించి నా మట్టిలో నేనే కలిపే బూడిద. చుట్టుపక్కల ఇంకే నర్సరీలోనూ కలపరు.

ఆ మట్టిగడ్డ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఏంటండీ ఇది?"

ఆయన గడ్డని అటూ ఇటూ తిప్పారు. "నరకబుద్ధి కాలేదు. అంత పచ్చగా ఉన్నాయి. నువ్వు నీళ్ళు పోసి పెంచినవే కదా, ఎక్కడో ఒకచోట బతుకుతాయిలే అనుకున్నాను. ఆ కాంట్రాక్టరు మళ్ళీ వచ్చి అడిగితే ఊరికే ఇచ్చేశాను."

ఊరికే ఇచ్చారట. ఆశపడి అమ్ముకుని ఉంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్నేమో. జాలిపడ్డానన్న మనిషిని ఏమని తిట్టాలి? "ఆ పాలావిడ మీద పడుంటే మీ జాలి ఏమయ్యేదండీ?" అన్నాను. చాలా రోజులు ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాను.

మిగతా చెట్లు కూడా పడతాయని నాకు తెలుసు. పిన్నిని వెంటబెట్టుకుని ప్రతి చెట్టూ పట్టుకుని ఊపి చూశాను. ప్రతిదీ మొదలు దగ్గర కదిలిన పన్నులా ఊగుతోంది. కొట్టేయాలని నేనంటే ఇళ్ళవాళ్ళు చుట్టూ చేరారు.

"పచ్చటి చెట్టు కొడితే పాపం కాదా అమ్మా?" అంది ఒకావిడ.

"మీ దగ్గర నుంచే వచ్చాయంటున్నారు, మీరే కొట్టేస్తానంటున్నారు. తమాషాగా ఉందే" అన్నాడు పిన్ని ఎదురింటాయన.

అప్పుడు మా ఆయన ముందుకొచ్చారు. నేను రమ్మనలేదు, పొగడ మొక్కలేసుకుని ట్రాలీ ఆటోలో తనే వచ్చారు. "ఇచ్చింది నేనండి. పనికిరావని తెలిసే ఇచ్చాను. మా ఆవిడ వద్దంది" అన్నారు అందరి ముందూ. గొడ్డలి ఆయనే పట్టుకున్నారు. ఒక్కో మొదలూ తవ్వి తీస్తుంటే అదే కవరు, అదే కంపు. మధ్యలో ఒకసారి పక్కకి వెళ్ళి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ తవ్వారు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక ఆయనకి అన్నం వడ్డించి నేనూ పక్కనే కూర్చున్నాను.

ఎదురింటాయన మాత్రం తన చెట్టు ముట్టనివ్వలేదు. నీడ పోతుందట. అది ఇప్పుడు పక్కకి ఒరిగితే కేబులు తీగతో గోడకి కట్టుకున్నాడు. తన కారు మాత్రం తెలివిగా వేరే ఇంటి ముందు పెట్టుకుంటున్నాడు.

నా పొగడలు బాగానే నాటుకున్నాయి. మొదట్లో "ఈ పుల్లలేంటి" అన్నవాళ్ళే ఇప్పుడు వాటి మొదళ్ళలో మిగిలిన సాంబారు పారబోస్తున్నారు. మొన్న వెళ్తే ఒకదానికి మేకు కొట్టి ట్యూషను బోర్డు తగిలించి ఉంది. మేకు పీకి, బోర్డు తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు పెట్టాను.

"ఒక్క మేకుకి చెట్టుకేమవుతుందమ్మా?" అన్నాడు ఆ ఇంటాయన, నవ్వుతూ.

పీకిన మేకు సంచిలో వేసుకున్నాను. పిన్ని కాఫీ తాగి వెళ్ళమంది. వద్దని, తెనాలి బస్టాండుకి ఆటో ఎక్కాను.