మగ్గం పలక మీద మిల్లు

మొన్న ధర్మవరంలో మా అన్న ఇంటికి వెళ్లి, పొద్దుటి ప్యాసింజరులో హిందూపురానికి తిరిగి వస్తున్నాను. ఎదురు సీటులో నా ఈడుదే ఒకామె, పక్కన కూర్చున్న భర్తకు ఇడ్లీ తినిపిస్తోంది. ఆయన కుడిచేయి ఒళ్లో కదలకుండా పడి ఉంది. ముక్క తుంచడం, చట్నీలో అద్దడం, నోట్లో పెట్టడం, ఆయన నమిలి మింగేదాకా ఆగడం. ఆ ఆగిన కాసేపు ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. చుట్టూ ఉన్నవాళ్లు మర్యాదస్తులు, అందరూ ఒక్కసారిగా ఫోన్లలో తలలు దూర్చారు. పెనుకొండలో బండిని చాలాసేపు ఆపేశారు. పక్క లైను మీద కొత్త కార్లను ఎక్కించుకున్న గూడ్సు తీరిగ్గా కదిలిపోయింది. ఇంటి దగ్గరున్న మా ఆయన వెంట వచ్చి ఉంటే డబ్బాలు లెక్కపెట్టి, డ్రైవరు పనితనానికి మార్కులు కూడా వేసేవాడు. నేను మాత్రం ఆ ఇల్లాలినే చూస్తూ కూర్చున్నాను. ఆమెతో ఏదైనా ఒక మాట చెప్పాలనిపించింది, ఏం చెప్పాలో తోచలేదు. హిందూపురంలో దిగేటప్పుడు "వస్తానమ్మా" అని మాత్రం అన్నాను. ఇంటికొచ్చాక తోచిందంతా ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆయనది రైల్వేలో షంటింగు పని. గూడ్సు డబ్బాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి, ఏది ఎక్కడికి పోవాలో ఆ లైను మీదికి తోయించడం, మళ్లీ తగిలించడం. ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచింది ఊరి బయట ఒక నూనె మిల్లు లోపలికి పోయే పాయలైను మీద. మిల్లుకు బొగ్గు వచ్చేది, నూనె తీశాక మిగిలిన శెనగచెక్క మూటలు బయటికి పోయేవి. ఆ లైను పొట్టిది, మలుపు ఇరుకు, మిల్లు వాళ్ల తొందర ఎక్కువ. ఇంటికి వచ్చేసరికి ఆయన ఒంట్లోంచి నూనె చెక్క వాసన, చొక్కా మీద బొగ్గు నుసి. డబ్బాకూ డబ్బాకూ మధ్య దూరి, ఆ ఇనుప కొక్కేన్ని ఒంటి చేత్తో ఎత్తి తగిలించే మనిషి. పెళ్లైన కొత్తలో ఆ కుడిచేతి కండ చూసి నేను కాస్త మురిసిపోయిన మాట నిజమే, ఇప్పుడు దాచడమెందుకు. తర్వాత మిల్లు మూతపడింది, లైను పీకేశారు, ఆయన రిటైరయ్యాడు. రిటైరయిన ఏడాదే పక్షవాతం వచ్చి అదే చేతిని పట్టుకుపోయింది. కాలు మెల్లగా కుదుటపడింది, మాట బాగైంది, చేయి మాత్రం రాలేదు.

అసలు కష్టం అక్కడ కూడా కాదు, అన్నం దగ్గర మొదలైంది. ఎడమచేత్తో తిననన్నాడు. మా వైపు పసిబిడ్డ ఎడంచేయి కంచంలో పెడితేనే అవ్వలు చేతి మీద ఒక్కటి వేస్తారు. అట్లా పెరిగిన మనిషికి ఆ వయసులో ఎడంచేత్తో ముద్ద ఎత్తమంటే ఎట్లా ఎత్తుతాడు? స్పూను తెచ్చిచ్చాను. స్పూను పట్టుకునేది కూడా ఎడంచేతితోనే కదా అన్నాడు. "ఆ చేత్తో తినేదానికంటే పస్తుండేది మేలు" అని మొహం తిప్పుకున్నాడు, అన్నట్టే ఒక పూట పస్తున్నాడు కూడా. ఇంకేముంది, మూడు పూటలా నేనే పెట్టాలి. మొదట్లో ప్రేమగానే పెట్టాను. కొన్ని నెలలకు అది ప్రేమో, పనో తెలియకుండా పోయింది. ఇంకొన్నాళ్లకు పనే అని తేలిపోయింది. నాకు మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుంటే లేవలేను, నిలబడితే కూర్చోలేను. ఆయన నిదానంగా నములుతుంటే, ఇంకాస్త తొందరగా మింగితే ఈయన సొమ్మేం పోయిందని లోపల తిట్టుకునేదాన్ని. మొగుణ్ణి తిట్టుకోవడం కొత్తేమీ కాదు గానీ, నమలడానికి తిట్టుకోవడం మాత్రం అప్పుడే మొదలు.

ఆ రోజుల్లోనే ధర్మవరంలో మా అన్న కొత్తగా రెండు గదులు వేసుకుని గృహప్రవేశం చేశాడు. బంతి భోజనాలు. అందరూ వరసగా కూర్చున్నారు. ఈయన ఆకు ముందు నేను పీట వేసుకుని కూర్చుని మొదటి ముద్ద కలిపాను. ఎదుటి బంతిలో ఎవరో పెద్దాయన చూసి "అయ్యో పాపం" అన్నాడు, మంచి మనసుతోనే. మా ఆయన పెదాలు బిగించేశాడు. ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. తిరుగు బండిలో ఆకలితో వచ్చాడు, పక్కన నేనూ ఆకలితోనే వచ్చాను. ఆ తర్వాత ఎవరు ఏ శుభకార్యానికి పిలిచినా ఈయన రానన్నాడు. ఈయన్ని వదిలి నేను పోయేదెక్కడికి? మూడు పూటల మధ్య ఉన్న ఖాళీలో కూరగాయల అంగడి దాకా పోయి రావడమే నా ప్రయాణం. డాక్టరు మెత్తని బంతి ఇచ్చి రోజూ కుడిచేత్తో పిసకమన్నాడు. పళ్లెంలో శెనగవిత్తులు పోసి వేళ్లతో ఒక్కొక్కటే ఏరమన్నాడు. ఈయన బంతిని మూలకు విసిరేశాడు. విత్తులు నేనే తిన్నాను.

మా అన్న చేనేత. పట్టుచీరలు నేసి నేసి కళ్లు మసకబారి, ఒక మగ్గం విప్పేశాడు. పని లేని చేతులు కదా, నెలకు నాలుగుసార్లు రైలెక్కి మా ఇంటికి వచ్చేవాడు. వచ్చి బావ పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ కలిసి ఏమీ మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒకసారి ఫోనులో ఏదో వీడియో చూపించాడు. ఎక్కడో విదేశంలో ఒక ముసలాయన చిన్న పలక మీద ఫ్యాక్టరీ కట్టి, దాని చుట్టూ బొమ్మ పట్టాలు వేసి, అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దవైన డబ్బాలను అటూ ఇటూ తిప్పుతున్నాడు. మా ఆయన ఫోను లాక్కుని చూశాడు. మళ్లీ చూశాడు. చివరికి "వీడికి షంటింగు రాదు. బొగ్గు డబ్బా ముందు పెట్టి చెక్క డబ్బా యాడికి తీస్తాడు?" అన్నాడు. ఆ గృహప్రవేశం తర్వాత ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

తర్వాతి వారం మా అన్న విప్పేసిన మగ్గం పలకను భుజాన వేసుకుని రైలు దిగాడు. వెంట ఒక సంచీ నిండా జాకార్డు అట్టలు. చీర అంచులో నెమలో, మామిడిపిందో రావాలంటే మగ్గం నెత్తిన తిరిగే చిల్లుల అట్టలు అవి. పాత డిజైన్లు ఎవరికీ అక్కర్లేక మూలన పడి ఉన్నాయి. ఆ చిల్లులే మిల్లుకు కిటికీలన్నాడు. పట్టు చుట్టే కండె పొగగొట్టమైంది. బొమ్మ ఇంజను, డబ్బాలు, పట్టాలు బెంగుళూరు నుంచి పార్సిల్లో వచ్చాయి. మా హాల్లో రెండు స్టూళ్ల మీద పలక పడింది, నా కుట్టుమిషను వంటింట్లోకి వచ్చింది. నడవాలంటే ఒంటిపక్కగా నడవాలి. ఇంత చిన్న పలకలో మిల్లు, బొగ్గు దిబ్బ, చెక్క ప్లాట్‌ఫారం, మూడు పాయల లైను ఎట్లా పడతాయని నేనడిగితే, "నిజం మిల్లులో మాత్రం జాగా యాడుండె?" అన్నాడు మా ఆయన. ఆయన కుర్చీలోంచి చెప్పడం, మా అన్న చేయడం. నాకు మాత్రం ఆశ పుట్టింది. ఇంత చిన్న పనికి వేళ్లు ఆడించక తప్పదు కదా, కుడిచేయి తానే లేచి వస్తుందని కాచుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి వచ్చీపోయీ ఆ చేతినే చూసేదాన్ని.

మిల్లు గోడలు, పట్టాల కింద పరిచిన సన్న కంకర, అన్నీ మా అన్న గంజితో అతికించాడు. బజారులో దొరికే గమ్ము మీద ఆయనకు నమ్మకం లేదు. జీవితమంతా పడుగు దారాలకు గంజి పెట్టిన మనిషి, ఆ దారం ఎంత బిగువుగా నిలుస్తుందో ఆయనకు తెలుసు. చిక్కగా అన్నం గంజి కాచి, వడగట్టి, పడుగుకు పూసినట్టే బ్రష్షుతో నున్నగా పూశాడు. ఎండలో ఆరబెట్టాక వేలితో కొట్టి చూపించాడు, టకటకమంది. రెండు రోజుల తర్వాత పొద్దున్నే లేచి చూస్తే మిల్లుకు పైకప్పు లేదు. గోడలు సగానికి కొరికి ఉన్నాయి. కంకర కింద గంజిని ఎలుకలు నాకి, పట్టాలను పీకి పక్కన పడేశాయి. బొద్దింకలు బొగ్గు దిబ్బ మీద తీరిగ్గా తిరుగుతున్నాయి. ఆ పూట బండికి వచ్చిన మా అన్న తల పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు పడుగుకు గంజి పెడితినే బావా, ఒక్క ఎలుకైనా మూతి పెట్టిందా?"

"పడుగు కాడ పొద్దస్తమానం నువ్వు కూసోని ఉంటివి గదా. మిల్లుకు వాచ్‌మన్ను పెట్టేది మర్చిపోతివి" అన్నాడు మా ఆయన. అని నవ్వాడు. నోరు ఒకపక్కకు లాగుతున్నా సరే, భుజాలు ఎగిరేలా నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుని, ఇద్దరికీ టీ పెట్టాను.

రెండోసారి గమ్ము తెప్పించారు. ఈసారి మా అన్న తొందరపడి, లైను చీలేచోట పట్టాలను తిరగేసి అతికించబోయాడు. మా ఆయన "అట్ల గాదు, అట్ల గాదు" అని అరిచి, మాట చాలక, లేచి ఆ ముక్కను ఆయన చేతిలోంచి ఎడంచేత్తో లాక్కున్నాడు. తానే సరిచేసి నొక్కి పట్టుకున్నాడు. అక్కడినుంచి పని మెల్లగా మా ఆయన చేతిలోకి పోయింది. మొదట్లో ఆ ఎడంచేయి వంకర టింకరగా పోయేది, ఏది ముట్టుకున్నా పడేసేది. ఆయన తిట్టుకుంటూ మళ్లీ ఎత్తేవాడు. డబ్బాలను విడదీయడానికి సైకిలు పుల్ల వంచి కొక్కెం చేసుకున్నాడు. కుడిచేయి ఒళ్లోనే ఉంది. నాకు మంట పుట్టింది.

"నీ మిల్లుకు బొగ్గు తోలేకి దినమంతా పొద్దుంటాది. బంతి పిసికేకి మాత్రం పొద్దుండదు. నేనెన్నాళ్లు పెట్టాల నీకు? నాకు చాతగాలేదు" అనేశాను.

ఆయన తలెత్తలేదు. "తెలుసు" అన్నాడు. ఆ మాటకంటే తిట్టినా బాగుండేది. పూట గడిచింది, రాత్రి మళ్లీ నేనే పెట్టాను, ఆయన మళ్లీ తిన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మిల్లు పూర్తయ్యాక మా అన్న రాకపోకలు తగ్గాయి. ఈయన మాత్రం రోజంతా పలక ముందే. ఆ ఇరుకు లైనులో ఇంజనుతో పాటు రెండు డబ్బాలకంటే పట్టవు. ఆ రెంటితోనే మిగతావాటిని మార్చి మార్చి, బొగ్గు లోపలికి, చెక్క బయటికి, ఖాళీవి వెనక్కి చేర్చాలి. ఒకటి తీస్తే ఇంకొకటి అడ్డం. ఆయనకు అదే కావాలి. ఒక మధ్యాహ్నం అట్లాగే ఎక్కడో చిక్కుపడ్డాడు. రాగిసంగటి అయింది రమ్మని పిలిచాను. "ఉండు, బొగ్గు డబ్బా ఎనకాల ఇరుక్కునిండాది" అన్నాడు. కాసేపాగి మళ్లీ పిలిచాను. డబ్బాలు అటూ ఇటూ తోస్తూనే ఉన్నాడు. ఇంక ఈయన రాడని కంచంలో సంగటి పెట్టి, పుల్లగూర పోసి, పలక పక్కన స్టూలు మీద పెట్టాను. నీళ్లు తేవడానికి లోపలికి పోయాను. మోకాళ్లతో నేను పోయిరావడమంటే కొంచెం ఆలస్యమే.

చెంబుతో తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయాను. ఆయన కళ్లు పట్టాల మీదే ఉన్నాయి. ఎడంచేయి కొక్కేన్ని పక్కన పెట్టి కంచంలోకి పోయింది. సంగటి తుంచింది, పుల్లగూరలో అద్దింది, నోట్లో పెట్టింది. మళ్లీ తుంచింది. ఆయన నములుతూ డబ్బాల వైపే చూస్తున్నాడు. ఇంతలో దారి తోచినట్టుంది, అదే చేత్తో చెక్క డబ్బాను విడదీసి పక్క లైనులోకి తోశాడు. డబ్బా పైకప్పు మీద పుల్లగూర మరక పడింది. నేను కదిలితే తలెత్తుతాడు, తలెత్తితే చేయి చూసుకుంటాడు. చెంబు గట్టిగా పట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి నడిచాను.

లోపల ఏం చేయాలో తోచలేదు. ఆ వేళకు వంటింట్లో నాకు ఎప్పుడూ వేరే పని ఉండదు, హాల్లోనే పని. గట్టు మీద సంగటి ముద్ద పొగలు కక్కుతోంది. కాసేపటికి హాల్లోంచి గొంతు వినిపించింది.

"ఏమే, పుల్లగూర ఇంకొంచెం ఉండాదా?"

గిన్నె తీసుకుని పోయాను. నేల మీదే చూస్తూ గరిటెడు పోసి వచ్చేశాను. ఆయన చూసుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పీట వాల్చుకుని, కంచం పెట్టుకుని, నా కోసం నేను ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాను. చుర్రుమంది. ఆయనకు పెట్టి, చల్లారింది తినడమే అలవాటై, వేడి ముద్ద తిని ఎంత కాలమైందో ఆ పూట నాలుక కాలితే గాని నాకు తెలియలేదు.