సరళకుమారి పిన్ని చెప్పిన సాక్ష్యం

ఢిల్లీ మెట్రోలో ఏ స్టేషనులో మరుగుదొడ్డి ఎటువైపు ఉందో మా పిన్ని సరళకుమారికి తెలుసు. ఏది శుభ్రంగా ఉంటుందో, దేనికి ఎప్పుడూ తాళమే ఉంటుందో కూడా తెలుసు. ఆమె పెద్దపేగు లోపలి గోడకి పుండ్లు పడతాయి. కొన్ని నెలలు మానతాయి, మళ్ళీ రేగుతాయి. రేగినప్పుడు నెత్తురు పడుతుంది, రోజంతా పరుగులే. ఆ జబ్బుతోనే జనక్‌పురిలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. చదువు ఆగిపోయి ఇంట్లో ఉన్న నన్ను నరసాపురం నుంచి తెచ్చుకుని దగ్గర పెట్టుకుంది.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు ఒక స్కూలు హాల్లో కూడుతుంది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆ బల్ల మీద పెట్టే పులియని రొట్టె ఏళ్ళుగా పిన్నే చేసేది. శనివారం సాయంత్రం తల మీద చెంగు కప్పుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా పిండి కలిపేది. అందుకోసం విడిగా ఒక ఇనప పెనం ఉంది, వాళ్ళమ్మ ఇచ్చింది. దాని మీద మాకు చపాతీ కూడా కాల్చనిచ్చేది కాదు. పాస్టరు గారు ఆ రొట్టె విరిచేటప్పుడు నేను పిన్ని ముఖమే చూసేదాన్ని. ఆ కాసేపూ ఆమెకి ఒంట్లో జబ్బున్నట్టే ఉండేది కాదు.

ఆ రొట్టెని ఆమె చేతుల్లోంచి లాక్కున్నారు.

పిన్ని వైద్యం చేయించుకునే పెద్దాసుపత్రిలో, ఈ జబ్బున్నవాళ్ళ పేగుల్లో ఉండే వైరస్‌ల మీద పరిశోధన చేస్తున్నారు. మలం నమూనా ఇస్తారా అని అడిగితే పిన్ని సరేనంది. నమూనాలు తీసుకునే అమ్మాయి పేరు భవ్యశ్రీ, వరంగల్ పిల్ల. నేను వైరస్ అన్న మాటకే బెదిరిపోవడం చూసి నవ్వింది.

"పరేషాన్ గాకు చెల్లె. అందరి పేగుల్ల ఉంటయి. నాకున్నయి, నీకున్నయి. చానా మట్టుకు మనల్ని ఏం జెయ్యవు, పేగుల్ల ఉండే బ్యాక్టీరియాను పట్టుకుంటయి."

"మరి నాయి చూడ్డం దేనికమ్మా?" అంది పిన్ని.

"ఈ బీమారి ఉన్నోళ్ళల్ల కొన్ని రకాలు ఎక్కువైతయి, కొన్ని తక్కువైతయి అక్కా. అవి మారినందుకే బీమారి ముదిరిందా, బీమారి వల్ల అవి మారినయా, ఇంకా ఎవ్వరికీ పక్కా తెల్వది. అది తెలుసుకునేటందుకే."

"జబ్బు అంటుకుంటుందో లేదో చెప్పు దీనికి." పిన్నికి ఆ సంగతి తెలుసు. నా కోసం అడిగింది.

"ఇది అంటుకునేది కాదు చెల్లె. ఆమె కంచంల తిన్నా రాదు."

మా వాళ్ళలో ఒక అలవాటు ఉంది. బుధవారం ఎవరో ఒకరింట్లో కూడిక జరుగుతుంది. అక్కడ ప్రార్థన మనవులు పైకి చెప్పుకోవాలి. కష్టం దాచుకుంటే విశ్వాసం తక్కువంటారు. పిన్ని ఎప్పుడూ దాచలేదు. ఆ బుధవారం కూడా, "నా పేగుల్లో వైరస్‌ల తీరు మారిందేమోనని చూస్తున్నారు. ఆ పరిశోధన చేసే పిల్లల కోసం ప్రార్థన చెయ్యండి," అని అడిగింది.

సంఘపెద్ద ఎడ్వర్డ్ గారి భార్య సునంద ఆంటీ, మేం ఇల్లు చేరకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. "సరళా సిస్టర్‌కి పేగులలో వైరస్ సోకినది. అందరూ ప్రార్థించగలరు." కింద బోలెడు చేతులు జోడించిన బొమ్మలు. ఆదివారం పిన్ని పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

బల్లకి ముందురోజు ఎడ్వర్డ్ గారు ఆర్.కె. పురం నుంచి ఆటోలో వచ్చారు. కూర్చోలేదు. నేను మంచినీళ్ళిస్తే, ఇప్పుడే తాగొచ్చానన్నారు.

"ఏమీ అనుకోకు సరళమ్మా. కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో. రొట్టె సంగతి సునంద చూసుకుంటుంది."

"ఇది అంటుకునేది కాదు అన్నయ్యగారూ."

"నాకు తెలుసమ్మా. జనం ఒప్పుకోవాలిగా. చిన్నపిల్లలున్నవాళ్ళు భయపడుతున్నారు."

"ఆ పిల్లల్లో కొందర్ని పుట్టగానే ముందు ఎత్తుకుంది నేనండి."

"అందుకే ప్రేమతో చెప్తున్నా," అన్నారాయన.

ప్రేమట. మా సంఘంలో సగం మంది నర్సులే. కోవిడ్ రోజుల్లో అద్దె ఇళ్ళ ఓనర్లు, "ఆసుపత్రి నుంచి రోగం తెస్తారు, ఖాళీ చెయ్యండి" అన్నారని వీళ్ళే కూడికలో కుళ్ళికుళ్ళి ఏడ్చారు. ఒకామెకి సామాన్లతో సహా పిన్నే మా గదిలో చోటిచ్చింది. ఇప్పుడు ఆమె కూడా చేతిసంచి పక్క కుర్చీలో పెట్టుకుని, ఎవరో వస్తున్నారంది. తెలియక చేసిందంటే క్షమించొచ్చు. నర్సుకి తెలియదా?

ఆ నెల సునంద ఆంటీ చేసిన రొట్టె పాస్టరు గారు విరవబోతే పొడైపోయింది. అందరికీ గాజు కప్పుల్లో ద్రాక్షరసం ఇచ్చారు, పిన్నికి కాగితం కప్పులో. ఆమె తాగింది. బయటికొచ్చాక ఆ కప్పు పారెయ్యలేదు, మడిచి పర్సులో పెట్టుకుంది.

తర్వాత పాస్టరు గారు ఇంటికొచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి.

"ఒక్క మాటతో అయిపోతుందమ్మా. వచ్చే ఆదివారం లేచి సాక్ష్యం చెప్పు. మీ ప్రార్థనల వల్ల ప్రభువు ముట్టాడు, వైరస్ పోయింది అను. అందరి అనుమానం తీరిపోద్ది. రొట్టె మళ్ళీ నువ్వే చేద్దువుగాని."

"పోలేదు కదండీ."

"విశ్వాసంతో ముందే చెప్పడమమ్మా."

ఆయన వెళ్ళాక పిన్ని ఇనప పెనం దించి, తోమి, నూనె రాసి పొయ్యి పక్కన పెట్టింది. చెప్పేస్తుందనుకున్నాను. ఆ రొట్టె కోసం ఆమె ఏదైనా చేస్తుందని నాకు తెలుసు. చెప్పేస్తే బాగుణ్ణనీ అనిపించింది, చెప్పకూడదనీ అనిపించింది.

ఆదివారం సాక్ష్యాలప్పుడు పిన్ని లేచింది. మైకు అందించిన ఎడ్వర్డ్ గారు వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నాకు నయం కాలేదు," అంది. "ఈ పొద్దున్న కూడా నెత్తురు పడింది. వైరస్‌లు పోలేదు. మీ అందరి పేగుల్లోనూ ఉన్నాయి. సునందక్కకి ఉన్నాయి, పాస్టరు గారికి ఉన్నాయి. నా మనవిని మీరు ప్రార్థనకి తీసుకెళ్ళలేదు, వీధిలో పెట్టారు. ఇప్పుడు అబద్ధం చెప్తే రొట్టె ఇస్తామంటున్నారు. అబద్ధం చెప్పిన నోటితో ప్రార్థించి ఆ పిండి కలపలేను. ఇదే నా సాక్ష్యం."

వెనక వరసలో చెవుడున్న ఒక ముసలమ్మ అలవాటుగా "స్తోత్రం" అంది. పాస్టరు గారు పాట నంబరు చెప్పారు.

రొట్టె తిరిగి రాలేదు. తర్వాతి బల్లకి ముందురోజు సునంద ఆంటీ ఫోన్ చేసింది. నాన్‌స్టిక్ మీద కుదరడం లేదట.

"ఆ పెనమైనా ఇయ్యి సరళా. ఊరికే పడుందిగా."

"వద్దులే అక్కా. దానికీ సోకిందేమో," అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

పొయ్యి వెలిగించి ఆ ఇనప పెనమే ఎక్కించింది.

"చపాతీ పిండి కలపవే," అంది నాతో.

మొదటిది కాల్చి నా కంచంలో వేసింది. రెండోది తను తింటూ, సగంలో లేచి బాత్రూముకి పరిగెత్తింది. నేను చెయ్యి కడుక్కుని, మంట తగ్గించి, మిగతావి కాల్చాను.