మడమ నుంచి తీసిన చుక్క

దీవిలో పుట్టిన ప్రతి బిడ్డ మడమనూ నర్సు డోర్కస్ తన అరచేతిలో కాసేపు వెచ్చబెడుతుంది, ఆ తర్వాతే సూది గుచ్చుతుంది. పరీక్షకు పంపేముందు, రక్తపు చుక్కలద్దిన కార్డు నాలుగు గంటలు నీడలో ఆరాలి. అంతసేపూ దాని పక్కనే కూర్చుని బాలింతతో, "నీ పాలే వీడికి మందు, ఇంకేం పట్టకు," అంటుంది. ఇరవై ఏళ్లుగా అదే మాట.

ఇవాళ పొద్దున బ్రిస్బేన్ ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. కెజియా కొడుక్కి పాలలోని చక్కెరే విషమట. తల్లిపాలు ఈ క్షణమే ఆపమన్నారు, అమ్మానాన్నల రక్తం పంపమన్నారు. కానీ వాడు ఐదో రోజునే పెదనాన్న ఎస్రాకు దత్తత వెళ్లి ఆ ఇంటి బిడ్డయ్యాడు. అది ఇక్కడి ఆనవాయితీ, ఎవరు కన్నారో ఎవరూ పైకి అనరు.

డోర్కస్ ఎస్రా ఇంటికి పరుగున వెళ్లేసరికి బిడ్డ కళ్లు పచ్చబడ్డాయి, లేపినా లేవడం లేదు. ఆమె బిడ్డను ఆసుపత్రికి చేర్చే విమానానికి కబురు పెట్టింది. అమ్మానాన్నల రక్తం కావాలనగానే, ఇంట్లో ముసలమ్మా, పిల్లలూ చూస్తుండగా ఎస్రా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"తండ్రిని నేనే కదక్కా. ఎంత కావాలో తీసుకో."

పనికిరాదని తెలిసీ ఆమె గొట్టం నిండా తీసింది. పేరు రాయకుండానే దాన్ని సంచిలో వేసుకుంది.

ఆ తర్వాత దొడ్డిదారిన కెజియా ఇంటికి వెళ్లింది. రోజూ బిడ్డకు పంపే సీసాను తన పాలతో నింపి పట్టుకుని కెజియా గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"పొద్దుటివన్నీ తాగాడా అక్కా?"

డోర్కస్ ఆ సీసాను మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకుంది.

"ఈ చెయ్యే చాపు, కెజియా," అంది, సంచిలోంచి సూదీ, ఖాళీ గొట్టమూ తీస్తూ.